ఎక్కడ లేచావో రాసి పెట్టుకో

పాలకొల్లు,
ఆషాఢమాసం, మధ్యాహ్నం వేళ.

చి.ల.సౌ. బుజ్జికి దొడ్డమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం మొన్న ఫోనులో కళ్ళారా చూశాను కాబట్టి మళ్ళీ అడగను. నీ మొహంతో పాటు నీ వెనకున్న భోజనాల బల్ల కూడా చూశాను. దాని మీద కంచం పెట్టే జాగా లేదు. ఓ చివర కొత్త ఎంబ్రాయిడరీ మిషను, దాని ఫ్రేములో బిగించి ఉన్న మెరూన్ పట్టుముక్క, పక్కన కత్తిరించి పడేసిన లైనింగు, కుర్చీ వీపు మీద ఒక్క చెయ్యే కుట్టిన మీ అత్తగారి జాకెట్టు, పాప పరికిణీకి తెచ్చిన జరీ అంచు, వీటన్నిటి మీదా పిల్లిలా ముడుచుకుని పడుకున్న నీలం ఊలు. "ఒక్కటీ పూర్తవట్లేదు దొడ్డమ్మా, మిషను అమ్మేసి ఊరుకుంటాను" అన్నావు. అంతలో కుక్కరు కూసింది. నువ్వు లేచిపోయావు. మాట సగంలో ఆగిపోయింది. అందుకే ఈ ఉత్తరం. కాయితం మీదైతే కుక్కరు కూసినా నా మాట ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

మిషను అమ్మకు. అయిదు పనులు ఒకేసారి మొదలెట్టడం తప్పేం కాదు. మా చిన్నప్పుడు పొయ్యి మీద పప్పు, రోట్లో పిండి, డాబా మీద వడియాలు, జాడీలో మూడో రోజు కలపాల్సిన ఆవకాయ ఒక్కసారే నడిచేవి. వాటిలో ఒకటి మానెయ్యమని అమ్మమ్మకి ఎవరూ సలహా ఇవ్వలేదు. నీ చిక్కు వేరే. పిలుపు వచ్చినప్పుడు చేతిలో ఏదుంటే దాన్ని ఉన్నపళంగా వదిలేసి లేస్తున్నావు. మళ్ళీ వచ్చి కూర్చుంటే ఎక్కడ వదిలావో వెతుక్కోడానికే పావుగంట. ఆ పావుగంటకి భయపడి కూర్చోవడమే మానేసి, ఇంకో కొత్త పని మొదలెడుతున్నావు. కొత్తదానికి వెతుక్కోవడం ఉండదు కదా.

మా అత్తగారిది నరసాపురం దగ్గర పల్లె. అక్కడి లేసు నీకు తెలియనిది కాదు. 1840లలో మిషనరీల ఇళ్ళ ఆడవాళ్ళు నేర్పిన అల్లిక, డెల్టా పల్లెల్లో అరుగు అరుగుకీ పాకింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పనిని అక్కడి ఆడవాళ్ళు పంచుకునే తీరు నాకు పెళ్ళయి వెళ్ళాకే తెలిసింది. ఒకామె పువ్వులు అల్లుతుంది. ఇంకొకామెది అతుకుపని, ఆ పువ్వుల్ని కలిపి బల్లగుడ్డో దిండుగలీబో చేయడం. మా అత్తగారు పువ్వుల మనిషి. ఆవిడ చేతిలో ఎప్పుడూ అరచేతిలో సగం ఉండే ముక్కే కనిపించేది. ఎసరు కాగేలోపు ఒకటి. పిల్లాడు నిద్ర లేచేలోపు ఇంకోటి. మధ్యలో ఎవరైనా పిలిస్తే "ఈ రేక అవనీ" అనేది. రేక ముగించి, చివరి ఉచ్చుని జారకుండా కాస్త పెద్దది చేసి లాగి, అప్పుడు లేచేది. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నా ఆ రేక మాత్రం ముగిసేది. అప్పట్లో నాకు కఠినంగా అనిపించేది. తర్వాత అర్థమైంది, రేక మధ్యలో లేస్తే తిరిగొచ్చి విప్పుకోవడానికి పట్టే టైము పిల్లాడి ఏడుపు కంటే ఎక్కువని.

ఆ పువ్వులకి ఆవిడ చేతికి ఎంతొచ్చేదని అడగకు. జర్మనీ నుంచి మరియా మీస్ అనే ఆవిడ వచ్చి ఆ పల్లెల్లో తిరిగి, 1982లో ఒక పుస్తకమే వేసింది, నరసాపురం లేసు పనివాళ్ళ మీద. ఇంటిపట్టున ఖాళీగా ఉండేవాళ్ళు తీరుబడిగా చేసుకునే పని అని పేరు పెట్టేసి, ఆ పేరు చెప్పి కూలి తగ్గించారని అందులో ఆవిడ వాదన. ఆ "ఖాళీ" మాట మీద నీతో తర్వాత ఒక పేచీ ఉంది. ముందు పని సంగతి చూద్దాం.

నీ పనుల్లో రేక ఏది, పువ్వు ఏది అని చూడు. ఎంబ్రాయిడరీ మిషను, కుట్టుపని, ఊలు, ఈ మూడింటికీ ఒకేలా ఉండదు.

కొత్త మిషనుకి అసలు రేకలే లేవు. ఫ్రేము బిగించావంటే విప్పేదాకా అంతా ఒకటే పువ్వు. పూర్తిచేసే తీరిక ఉంటేనే బిగించు, లేకపోతే దాని జోలికి పోకు. డిజైను ఎన్ని కుట్లో తెర మీద చూపిస్తుంది కదా, నువ్వు చూసేది రంగులు, నన్నడిగితే ముందు ఆ అంకె చూడు. 20,000 కుట్ల డిజైను నిమిషానికి 600 చొప్పున లెక్క కడితే 33 నిమిషాలు. ఆ 33 నిమిషాలు అబద్ధం. రంగు రంగుకీ దారం మార్చాలి, మధ్యలో తెగుతుంది, సరిగ్గా ఆకు సగంలో ఉండగా బాబిన్ ఖాళీ అవుతుంది. గంట వేసుకో. పాపని ఆరున్నరకి డాన్సు క్లాసు నుంచి తీసుకురావాల్సిన రోజు ఆరింటికి మిషను ఆన్ చెయ్యకూడదు. కరెంటు తీస్తారని తెలిసిన పూట కూడా అంతే. ఒకవేళ మధ్యలో ఆగితే ఫ్రేము కదపకుండా, ఎన్నో కుట్టు దగ్గర, ఏ రంగు దగ్గర ఆగిందో రాసుకో. మిషనుకి గుర్తుంటుందిలే అనుకోకు.

బటను నొక్కి వంటింట్లోకి పోవచ్చు, కాదనను. కానీ చప్పుడు వినపడే దూరంలో ఉండు. నడుస్తున్నంతసేపూ ఒకే లయలో టకటకలాడుతుంది. కింద దారం ఉండకట్టడం మొదలైతే ఆ లయ బరువెక్కుతుంది, దబదబ అంటుంది. చెవి అది పట్టేసిందా, పది సెకన్లలో ఆపేస్తావు. పట్టకపోతే గుడ్డ చిరిగాక చూస్తావు. అది నడుస్తుండగా పక్కన కూర్చుని చేసుకోడానికి చేతిపని ఉంచుకో. హుక్కులు, కాజాలు, ఫాల్ అంచు. నా మటుకు నాకు అప్పుడే ఊలు సాగుతుంది. మూడు పనులూ ఒకదానికొకటి అడ్డమని నువ్వంటున్నావే, వాటికి స్నేహం కుదిరే చోటు ఇదే.

ఆ మెరూన్ పట్టుముక్క ఫ్రేములో ఎన్నాళ్ళనుంచి ఉంది? ఈ ఉత్తరం చదవగానే మిగతా కుట్టు పూర్తిచేసి ఈ పూటే విప్పెయ్. పట్టు మీద ఫ్రేము అచ్చు పడిందంటే ఇస్త్రీకి లొంగదు. సగంలో విప్పి మళ్ళీ బిగిద్దామనుకోకు, అదే చోట అదే బిగువుతో కూర్చోబెట్టడం నా తరం కాదు, నీ తరమూ కాదు.

ఇంకోటి. లైనింగు ఎలాగూ కత్తిరించేశావు, ఆ పట్టుముక్కని మాత్రం ముందే జాకెట్టు ఆకారంలో కత్తిరించలేదు కదా? నాకు తెలిసి నువ్వు నా పోలికే, అందుకే అడుగుతున్నాను. మీ అమ్మ పెళ్ళికి జాకెట్టు కుట్టింది నేనే. అప్పటికి టైలరింగు లోయరు, హయ్యరు రెండు పరీక్షలూ పాసై, వేసవిలో 42 రోజుల టి.టి.సి. టీచరు ట్రైనింగు కూడా ముగించుకొచ్చిన గర్వంలో ఉన్నాను. ఇలాంటి తెరల మిషన్లు మాకెక్కడివి? తొక్కుడు మిషనుకి పాదం ఊడదీసి, కింది పళ్ళు దించేసి, గుడ్డని గుండ్రటి ఫ్రేములో బిగించి, రెండు చేతుల్తో ఫ్రేముని తిప్పుతూ పువ్వులు కుట్టేవాళ్ళం. నేను తొందరపడి మెడ, చంకలు అన్నీ ముందే కత్తిరించేశాను. తర్వాత మెడ చుట్టూ మల్లెతీగ కుట్టాను. చూడ్డానికి ముచ్చటగా వచ్చింది. కానీ కుట్టు పడ్డచోటల్లా గుడ్డ లోపలికి లాక్కుంటుందని పరీక్షలో రాసిన నేనే మర్చిపోయాను. ముందు రెండు ముక్కలూ హుక్కుల దగ్గర వేలెడు దూరంలో నిలబడి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. తెల్లవారితే పెళ్ళి. మా అమ్మ వేరే గుడ్డతో కాజాపట్టీ వెడల్పు చేసి గట్టెక్కించింది. పెళ్ళి ఫొటోల్లో మీ అమ్మ పైట మెడ దాకా లాక్కుని ఉంటుంది చూడు. పిల్లకి ఎంత సిగ్గో అని మీ నాన్న వైపువాళ్ళు మురిసిపోయారు. సిగ్గూ లేదు ఏమీ లేదు, నా నిర్వాకం.

అందుకని కత్తిరించని గుడ్డ మీదే మెడ గీత, చేతుల గీత సుద్దతో గీసుకో. చుట్టూ గుడ్డ ధారాళంగా వదులు. కుట్టు పూర్తయ్యాక తిరగేసి ఇస్త్రీ చేసి, కొలత మళ్ళీ పెట్టి చూసి, అప్పుడు కత్తెర తియ్యి. మగ్గం వర్కువాళ్ళు చేసేదీ అదే. గుడ్డని మగ్గానికి లాగి కట్టి, మెడా చేతులూ గీసుకుని పని చేస్తారు, కత్తెర చివర్న టైలరు చేతిలో పడుతుంది. ప్రతి కొత్త గుడ్డకీ ఒక చిన్న పీలిక మీద ముందు కుట్టి చూడు. కింద పెట్టే పేపరు ఒక పొర సరిపోతుందో రెండు కావాలో, 11 నంబరు సూది చాలుతుందో లేదో అదే చెప్తుంది.

ఇక కుట్టుపని. దీనికి రేకలు ఉన్నాయి, బోలెడు. లైనింగు నీళ్ళలో నానేసి ఆరేయడం ఒకటి. ఇది అసలు పనే కాదన్నట్టు వదిలేస్తారు, తర్వాత మొదటి ఉతుక్కి లైనింగు ముడుచుకుని పై గుడ్డ బుడగల్లా లేస్తుంది. కత్తిరించడం ఒకటి. డాట్లన్నీ వేసెయ్యడం ఒకటి. మెడ ముగించడం ఒకటి. ఏ రేక దగ్గరైనా లేవొచ్చు, కానీ జతలో ఒకటి చేసి ఇంకోటి వదిలేసి లేవకు. మీ అత్తగారి ఒంటిచెయ్యి జాకెట్టు చూస్తే నాకు దిగులేసింది అందుకే. మొదటి చెయ్యి కుట్టేటప్పుడు అరంగుళం మార్జిను పట్టావో, ముప్పావో, పై మడతలో ఎంత లాగావో రెండు వారాల తర్వాత నీకు గుర్తుండదు. చేతికీ గుర్తుండదు. ఇప్పుడు రెండో చెయ్యి వేశాక మొదటిదాని పక్కన పెట్టి చూడు, తేడా ఉంటే మొదటిది విప్పి రెండూ ఒకే విడతలో వెయ్యి. మీ అత్తగారు ఏమీ అనరు. అనకుండా పెట్టెలో పెట్టేస్తారు. అది ఇంకా కష్టం.

కత్తిరించడం మాత్రం పొద్దున్నే. పాప బడికి వెళ్ళాక, నీ ఆఫీసు ఫోన్లు మొదలవకముందు. రాత్రి పదింటికి కత్తెర పట్టుకుంటే రెండు కుడిచేతులు కత్తిరిస్తావు. నేను కత్తిరించాను.

ఆపేటప్పుడు ఒక చీటీ రాయి. చేసింది రాయకు, అది కళ్ళకి కనపడుతూనే ఉంటుంది. కూర్చోగానే మొట్టమొదట ఏం చెయ్యాలో అదొక్కటే రాయి. "ఎడమ ముందు ముక్కకి హుక్కుపట్టీ. మార్జిను అరంగుళం. దారం పెట్టెలో కాదు, బాబిన్‌లోనే ఉంది." ఇంతే. చీటీని గుడ్డకే గుండుసూదితో గుచ్చు. చీరల కొట్లవాళ్ళిచ్చే గుడ్డసంచులు నీ దగ్గర డజన్లు ఉంటాయి కదా, ఒక్కో పనికి ఒక్కో సంచి. దాని దారం, దాని హుక్కులు, దాని చీటీ అన్నీ అందులోనే. బల్ల ఖాళీ అవుతుంది. మీ ఆయనకి అన్నం పెట్టొచ్చు. గుడ్డ కత్తెరతో పాప రంగుకాయితాలు కత్తిరిస్తోంది, అదీ చూశాను. ఆ కత్తెరకి ఎర్ర రిబ్బను కట్టి, ఇది అమ్మదని చెప్పు.

ఊలుకి ఈ పట్టింపులేవీ లేవు. దాన్ని ఎన్నిసార్లు విప్పినా ఏమీ అనుకోదు. పట్టు మీద కుట్టు విప్పితే సూదికన్నాలు మిగులుతాయి, ఎంబ్రాయిడరీ విప్పితే గుడ్డే పోతుంది. ఊలుని మటుకు మొత్తం విప్పేసి, చిలపలా చుట్టి, తడిపి, కింద కాస్త బరువు కట్టి ఆరేస్తే ముడతలు పోయి మళ్ళీ కొత్తదే. అందుకే అలిసిపోయిన రాత్రి, మీటింగులో ఎవరో కోపం తెప్పించిన రోజు, ఆసుపత్రి బెంచీ మీద, బస్సులో చేతిలో ఉండాల్సింది ఊలు. అలాంటప్పుడు పట్టు ముట్టుకోకు. వరస చివర ఆపు, ఎన్నో వరసో రాసుకో, అంతే. అయితే దానికీ ఒక పౌరుషం ఉంది. నీ మనసు బిగుసుకున్న రోజు కుట్టు బిగుస్తుంది, తీరిగ్గా ఉన్న రోజు వదులవుతుంది. ఒక చెయ్యి ఆషాఢంలో, ఇంకో చెయ్యి కార్తీకంలో అల్లితే రెండూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి గానీ కవలల్లా ఉండవు. రెండు ఉండలు పెట్టుకుని, ఒకే పొడుగు సూది మీద రెండు చేతులూ పక్కపక్కనే అల్లుకుంటూ రా.

ఉండలన్నీ ఒకేసారి కొన్నావా? చీటీ మీద రంగు నంబరుతో పాటు లాటు నంబరు కూడా ఉంటుంది, అది కలవాలి. ఒకసారి నాకు రెండు ఉండలు తక్కువైతే ఒక కొట్టాయన "అదే రంగమ్మా, కళ్ళు మూసుకు తీసుకెళ్ళండి" అన్నాడు. కళ్ళు మూసుకునే తీసుకెళ్ళాను. ట్యూబులైటు కింద ఒకటే రంగు. ఎండలోకి తెచ్చేసరికి మీ పెదనాన్న గుండెల మీద అడ్డంగా ఒక పట్టీ, సరిగ్గా బస్సు కండక్టరు సంచి తగిలించుకున్నట్టు. పాపం ఆ చలికాలమంతా శాలువా కప్పుకునే తిరిగారు.

ఇప్పుడు నెలల లెక్క చూడు. ఆషాఢంలో చీరల మీద తగ్గింపులు, కొన్నవాళ్ళందరికీ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి జాకెట్టు కావాలి. కాబట్టి నీకిప్పుడు మొదటిది మెరూన్ పట్టు, తర్వాత మీ అత్తగారిది. పాప పరికిణీ దసరాకైనా పర్వాలేదు, ఆలస్యమైతే పొడుగు సరిచేసుకోవచ్చు, ఎలాగూ మడత ఎక్కువ పెడతావుగా. కుషను కవర్లని ఏవో అన్నావు, వాటిని అటక ఎక్కించు. స్వెట్టరు టొరంటోలో మీ తమ్ముడి కొడుక్కి కదా, అది ఇవాళ్టి నుంచి రోజూ ఆరు వరసలు. చలికాలం స్వెట్టరు వానాకాలంలోనే మొదలవ్వాలి. ఒక సైజు పెద్దదే అల్లు. పిల్లలు పార్సిలు కంటే వేగంగా పెరుగుతారు.

పేచీ అన్నాను కదా, అది ఇది. మీ అపార్టుమెంటులో ముగ్గురు జాకెట్లు ఇచ్చారని, డబ్బులు అడగడానికి మొహమాటమని అన్నావు. "ఇంట్లోనే ఉంటావుగా, ఖాళీ ఉన్నప్పుడు చూడు" అన్నారట. వాళ్ళు మంచివాళ్ళే అయ్యుంటారు. మా అత్తగారి పువ్వులు తీసుకెళ్ళిన ఏజెంటూ మంచివాడే, ప్రతి పండక్కీ పలకరించేవాడు. నువ్వు ఆఫీసు పని చేస్తూ, పాపని చూసుకుంటూ, రాత్రి కళ్ళు చీకట్లు కమ్ముతుంటే వాళ్ళ హుక్కులు కుడుతున్నావు. అది ఖాళీ ఎలా అవుతుంది? లైనింగు ఇంత, కుట్టుకూలి ఇంత, ఎంబ్రాయిడరీ అయితే కుట్ల లెక్కన ఇంత అని కాయితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించు. నోటితో చెప్పనక్కర్లేదు. తీసుకున్నవాటికి తేదీ చెప్పేటప్పుడు నీకు పట్టే రోజులకి రెండు కలిపి చెప్పు. ఇష్టమైనవాళ్ళకి ఊరికే కుట్టు, నేను వద్దనను. ఊరికే కుడుతున్నానని నీకు తెలిసి కుట్టు.

ఇంకా రాద్దును గానీ పోస్టుకి టైమవుతోంది. నువ్వు పంపిన స్వెట్టరు ఫొటో పెద్దది చేసి కళ్ళజోడు పెట్టుకుని చూశాను. కింది నుంచి పదకొండో వరసలో, ఎడమ అంచుకి కాస్త ఇవతల ఒక కుట్టు జారింది. అక్కడి నుంచి పైకి నిచ్చెనలా కనపడుతోంది చూడు. కంగారుపడి అంతా విప్పకు. జారిన ఉచ్చుని క్రోషా సూదితో పట్టుకుని, పైన ఉన్న అడ్డుపోగుని దానిలోంచి లాగు, మళ్ళీ దాని పైది, అలా ఒక్కో మెట్టే ఎక్కించుకుంటూ పోతే అల్లిక సూది దాకా వచ్చేస్తుంది. అయిదు నిమిషాల పని. మా అత్తగారి సూది ఈ కవరులో పెడదామనుకుని బయటికి తీశాను కూడా. కానీ అది లేసు సూది, ఊలుకి మరీ సన్నం, పోగు చీలిపోతుంది. కోఠీ వైపు వెళ్ళినప్పుడు లావుది ఒకటి కొనుక్కో, మీ దగ్గర ఫ్యాన్సీ కొట్లో దొరికినా సరే. ఇది నా దగ్గరే ఉండనీ.

ఇట్లు,
మీ దొడ్డమ్మ